కలప పద్దులో పూసిన పువ్వు

ఈ వ్యవహారం మొదలయ్యేనాటికి నా చేతిలో ఉన్నవి చెబుతాను. కడియం కాలవ గట్టు మీద కౌలుకి తీసుకున్న నర్సరీ. దాని వెనక మూల, చిరుగులు పడ్డ పచ్చ నెట్టు కింద ఒక దండెం. ఆ దండేనికి వేలాడే చెక్కముక్కలు. వాటి మీద బొటనవేలి గోరంత ఆర్కిడ్ మొక్కలు. వాటన్నిటికీ తల్లి అయిన మొక్క ఒకటి. దాన్ని నాకంటే ఎక్కువగా చూసుకునే భార్య. ముగిసేనాటికి ఏం మిగిలిందో చివర చెబుతాను. మధ్యలో లెక్క చూసుకునే అలవాటు నాకు లేదు. చూసుకుంటే ఏ వ్యాపారీ పొద్దున్నే కొట్టు తెరవడు.

మా వైపు మొక్క ధర మొక్కని బట్టి ఉండదు, కవరుని బట్టి ఉంటుంది. చిన్న కవరు మొక్క, పెద్ద కవరు మొక్క, గోనె కట్టిన మొక్క, ఇంతే జాతులు. లోపల మామిడి ఉందా మందారం ఉందా అన్నది తర్వాత సంగతి. ముప్ఫై ఏళ్లు నేను మట్టి నింపిన కవర్లే అమ్మాను. మొక్క దానికి కొసరు.

ఈ తల్లి మొక్క మాత్రం కవరుతో రాలేదు. మన్యం నుంచి వచ్చిన ఒక లారీ డ్రైవరు గట్టు మీద బండి జారకుండా టైరు కింద విరిగిన పనస కొమ్మ ఒకటి అడ్డం పెట్టాడు. లోడెత్తుకుని పోతూ కొమ్మని వదిలేశాడు. పొయ్యిలోకి పనికొస్తుందని మా ఆవిడ మంగతాయారుకి ఇచ్చాను. పొయ్యి దాకా తీసుకెళ్లి, మళ్లీ వెనక్కి తెచ్చింది.

"దీని మీద ఎవరో ఉన్నారండి" అంది.

చూస్తే నాలుగు ఆకులు, నాలుగూ కలిపి నా గోరంత. నేను నా అలవాటు కొద్దీ కవర్లో పెట్టి మట్టి పోద్దామన్నాను. ఆవిడ వినకుండా కొమ్మని మొక్కతో సహా ముక్కగా కోయించి, తీగ కట్టి, బట్టలారేసే దండేనికి తగిలించింది. మట్టిలో పెట్టి ఉంటే వారంలో కుళ్లిపోయేదని తర్వాత తెలిసింది. ఈ జాతి వేరు గాలిలో ఉండి గాలిలోనే తాగాలి. పొద్దున్నే మంచు పడ్డట్టు నీళ్లు చల్లాలి. మధ్యాహ్నానికి ఆరిపోవాలి. గాలి ఆడుతూ ఉండాలి, ఎండ నేరుగా తగలకూడదు. పొడిగా ఉన్న వేరు వెండి తీగలా ఉంటుంది, తడిసిందా పచ్చబడుతుంది. పచ్చబడగానే చేయి ఆపేయాలి. చెట్టు మీద అద్దెకుంటుందే తప్ప చెట్టు కూడు తినదు. ఏడాదికోసారి ఆవగింజంత పువ్వు పూస్తుంది. ఆ పువ్వుని భూతద్దంలో చూస్తే రేకులు, పెదవి, పెదవి మీద పసుపు బొట్టు, అన్నీ ఉంటాయి. ఇంత చిన్నదానికి ఇంత సామాను ఎందుకా అనిపిస్తుంది.

గోరంత మొక్కకి మా ఆవిడ పెట్టుకున్న పేరు పెద్దావిడ. మా అమ్మని కూడా ఎన్నడూ అంత మర్యాదగా పిలవలేదు.

పెద్దావిడ పిల్లలు పెట్టింది. పిల్లలు మళ్లీ పిల్లలు పెట్టాయి. ఒక్కొక్కటీ ఒక్కో చెక్కముక్కకెక్కి దండెం నిండింది. సరిగ్గా అప్పుడే రాజధాని నుంచి పిలుపొచ్చింది.

పిలిచినవారు రాష్ట్ర హరితోత్సాహ శిక్షణా సంస్థ డైరెక్టరు పరిమళరావుగారు. రైతులకీ ఉద్యోగులకీ మొక్కల పెంపకం నేర్పడం ఆ సంస్థ పని. ఆయన గదిలో కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, కిటికీ మూసి మాట్లాడారు.

"వీర్రాజుగారూ, పచ్చదనానికీ నేలకీ అనాదిగా అంటగట్టబడిన అవినాభావ సంబంధాన్ని పునఃపరిశీలించవలసిన చారిత్రక సందర్భం ఆసన్నమైంది."

"అంటే ఏంటండి?"

"మాకు నేల లేదు."

"ముందుపక్క పెద్ద తోట ఉండేదని విన్నానండి."

"ఉండేది. దానిని వాహన విశ్రాంతి ప్రాంగణంగా ఉన్నతీకరించాం."

కిటికీ ఎందుకు మూశారో అప్పుడు అర్థమైంది. మొక్కల పెంపకం నేర్చుకోవడానికి వచ్చే అధికారుల కార్లు పెట్టుకోవడానికి చోటు చాలక, మొక్కలు తీసేసి సిమెంటు పోశారు. ఇంతలో పైనుంచి ఉత్తర్వు వచ్చింది, ఏ కార్యాలయంలోనూ పచ్చదనం తగ్గడానికి వీల్లేదని. నేల తగ్గించవచ్చు, పచ్చదనం తగ్గకూడదు. ఆ ఉత్తర్వు చదివి చదివి ఆయనకి భూరహిత హరితం అనే ఆలోచన పుట్టింది. మట్టి అనేది ఆవరణలోకి రానే కూడదని, మట్టి వస్తే అది నేల వాడకం కింద లెక్కకొస్తుందని ఒక సర్క్యులర్ కూడా ఇచ్చేశారు.

"మీ మొక్కలకి మట్టి కావాలా?"

"అక్కర్లేదండి."

"కుండీ?"

"అక్కర్లేదండి."

"ఎరువు?"

"ఎప్పుడన్నా వాసన చూపించినట్టు వేస్తే చాలండి. ఎక్కువైతే చచ్చిపోద్ది."

"చోటు?"

"గోడకి మేకు చాలండి."

పరిమళరావుగారు నన్ను ఎగాదిగా చూశారు. "ఇటువంటి సిబ్బంది నాకు పదిమంది ఉంటే చాలు" అన్నారు.

నూరు మొక్కలు, కారిడారు గోడకి తగిలించాలి, ఏడాది సంస్థే చూసుకోవాలి, ఎలా చూసుకోవాలో నేను నేర్పాలి. ఒక్కటి తగ్గినా టెండరు చెల్లదు. ఇంటికొచ్చి దండెం లెక్కపెట్టాను. పెద్దావిడ కాక ఒకటి తక్కువ వచ్చింది. పెద్దావిడతో కలిపితే సరిపోతుంది.

మంగతాయారు నా వేలు ఎటు తిరుగుతోందో చూస్తూనే ఉంది.

"పెద్దావిడ ఎళ్లదు" అంది.

"ఏడాదే కదా మంగా. ఏడాదయ్యాక పిల్ల మొక్క ఇచ్చి మార్చుకొత్తాను."

"అద్దెకి తిప్పే సామానాండి అది, పెళ్లి పందిరి గుంజల్లాగ?"

"ఒకటి తక్కువైతే మొత్తం పోద్ది."

"అయితే మీరెళ్లి ఆ గోడకి ఏలాడండి. లెక్క సరిపోద్ది."

నేను వ్యాపారం చేసేవాణ్ని. మర్నాడు ఆవిడ కాలవకి వెళ్లినప్పుడు పెద్దావిడని కూడా పెట్టెలో సర్దేశాను. తిరిగొచ్చి, దండెం మీద ఖాళీ తీగని చూసి, ఆవిడ నాతో అన్న చివరి మాట ఇది: "అది తిరిగి ఇంటికొచ్చేదాకా నేను మీతో మాటాడను. అవసరవైతే మొక్కలతో చెప్తాను, మీరు పక్కనుండి ఇనండి."

అన్నట్టే చేసింది. ఆ రోజునుంచి నాకు అన్నం పెట్టిన సంగతి మా పెరట్లో గన్నేరు మొక్కకి తెలిసేది, దాని ద్వారా నాకు తెలిసేది. "ఆయనకి పులుసు చల్లారిపోతందని చెప్పవే" అనేది దానితో. నర్సరీలో ఆడకూలీలు నవ్వి చచ్చేవారు.

సంస్థలో సరుకు దించుకునేది స్టోర్సు సూపరింటెండెంటు కామేశంగారు. మంచివారు. ఏ తప్పూ చేయకూడదన్న భయంతో ఏ పనీ చేయని మనిషి. పెట్టె విప్పి, ఒక చెక్కముక్క తీసి, కిందా పైనా తిప్పి చూశారు.

"కవరేదండీ?"

"దీనికి కవరుండదండి."

"కుండీలో మొక్కా?"

"కాదండి."

"నేలలో నాటిందా?"

"నేలే లేదు కదండి మీకు."

"మరి ఏ పద్దులో ఎక్కించాలండీ దీన్ని? మొక్క అంటే మూడే రకాలు. కవరు మొక్క, కుండీ మొక్క, నేల మొక్క. నాలుగో రకం మొక్క ఈ రాష్ట్రంలో లేదు."

"ఉందండి. మీ చేతిలో ఉంది."

"నా చేతిలో ఉంటే ఏం లాభమండీ, పద్దులో ఉండాలి గానీ."

కాస్త మట్టి కవర్లు తెచ్చి పక్కన పెడితే సరిపోదా అన్నాను. మట్టి నిషేధం సర్క్యులర్ తీసి చూపించారు. ఇద్దరం చెరో కుర్చీలో కూర్చున్నాం. కాసేపటికి ఆయన మొహం వెలిగింది.

"వీర్రాజుగారూ, ఇందులో బరువు దేనిదండీ?"

"చెక్కదేనండి. మొక్కకి బరువేముంటుంది."

"అంటే నూటికి తొంభైతొమ్మిది పాళ్లు కలప. మిగతా ఒక పాలు కలపకి అంటుకున్నది. కలప కింద రాసేస్తాను. తూకం వేసి తీసుకుంటాను."

నేను ఒప్పుకున్నాను. సరుకు దిగాలి, రసీదు రావాలి, కలపో మొక్కో నాకు అనవసరం అనుకున్నాను. పైగా ఆ పొద్దున్నే అలవాటు ప్రకారం చెక్కలన్నిటికీ నీళ్లు చల్లి తెచ్చాను. తూకం బాగానే వచ్చింది. ఆ రోజు నేను సంతోషంగానే ఇంటికి వెళ్లానని ఒప్పుకోవాలి.

రెండు వారాల తర్వాత ఎలా ఉన్నాయో చూద్దామని వెళ్లాను. కారిడారు గోడ పొడుగునా చెక్కలు మేకులకి వరసగా వేలాడుతున్నాయి. వేర్లు వెండి తీగల దశ దాటి, ఎండిన చీపురు పుల్లల్లా ఉన్నాయి. ఆకులు ముడతలు పడ్డాయి. పెద్దావిడ ఆకు ఒకటి పసుపు తిరిగింది.

"కామేశంగారూ, నీళ్లు చల్లడం లేదేంటండి?"

"కలపకి నీళ్లెందుకండీ?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "ప్రభుత్వ కలపని పొడి వాతావరణంలో భద్రపరచాలని నిబంధన. నీళ్లు చల్లడం మీరు నేర్పి వెళ్లిన అటెండరు కుర్రాడు స్ప్రేయరు పట్టుకొచ్చాడు. ప్రభుత్వ ఆస్తికి నష్టం కలిగిస్తున్నావని మెమో ఇచ్చాను."

"చచ్చిపోతాయండి."

"కలప చావదు కదండీ. అదివరకే చచ్చి ఉంటుంది."

నాకు గన్నేరు మొక్క గుర్తొచ్చింది. పెద్దావిడ చచ్చిపోతే మా ఇంట్లో మిగిలిన జన్మంతా ఆ గన్నేరే నాతో మాట్లాడుతుంది. ఏం చేయాలో తోచక గోడల వంక చూస్తూ నిలబడ్డాను. స్టోరు తలుపు పక్కన అగ్నిప్రమాద నివారణ సూచనల బోర్డు ఉంది. పేపరు, గుడ్డ, కలప వంటి త్వరగా అంటుకునే వస్తువులు ఉన్నచోట తరచు మంటలార్పే విన్యాసాలు జరపాలి అని రాసి ఉంది. నేను ముప్ఫై ఏళ్లుగా బతుకుతున్నది ఒకరి నిబంధన పక్కన ఇంకొకరి నిబంధన ఎక్కడుందో వెతుక్కునే. తిన్నగా పరిమళరావుగారి గదికి వెళ్లాను.

"సార్, మీ కారిడారు నిండా కలప వేలాడుతోంది. ఎవరన్నా బీడీ ముక్క పడేస్తే?"

ఆయన మొహం పాలిపోయింది. రోజూ విన్యాసం జరిపి కలపని తడపాలని అక్కడికక్కడే ఉత్తర్వు చెప్పి రాయించారు. ఆ సాయంత్రానికే దానికి నివారణాత్మక ఆర్ద్రీకరణ అని పేరు కూడా పడింది.

మర్నాటినుంచి రోజూ పది గంటలకి సైరన్ మోగేది. ఉద్యోగులూ శిక్షణకి వచ్చినవాళ్లూ చేతిలో ఉన్నది వదిలేసి బయటకి పరుగెత్తి, కార్ల మధ్య నిలబడేవారు. పొగ బయటికి పోవడానికని కారిడారు ఫ్యాన్లన్నీ వేసేవారు. నేను నేర్పిన కుర్రాడే మంటలార్పేవాళ్ల చొక్కా తొడుక్కుని, చెక్కల మీద మంచులా నీళ్లు కొట్టేవాడు. ఎంతసేపు కొట్టాలని కామేశంగారు అడిగారు.

"వేరు పచ్చబడేదాకానండి."

"అంటే వేరు పచ్చబడితే మంట ఆరినట్టు" అని ఆయన రాసుకున్నారు.

మధ్యాహ్నానికి అన్నీ ఆరిపోయేవి. పొద్దున్న తడి, రోజంతా గాలి, నేరుగా తగలని వెలుతురు. మా నెట్టు కింద కూడా అంత కచ్చితంగా ఎప్పుడూ జరగలేదు. మేం ఒక పూట నిద్రపోతాం, ఒక పూట పెళ్లికి వెళ్తాం. సైరన్ మాత్రం ఆదివారాలు కూడా మోగేది, మంటకి ఆదివారం సెలవు లేదు కనక. రెండు నెలలకి కొత్త వేళ్లు దిగాయి. పెద్దావిడ మళ్లీ నిటారుగా కూర్చుంది.

అగ్నిప్రమాదాలు అసలు జరగని కార్యాలయంగా సంస్థకి ప్రశంసాపత్రం కూడా వచ్చింది. శిక్షణకి వచ్చిన వాళ్లలో కూరగాయల రైతు ఒకాయన, సైరన్ వేళ కార్ల నడుమ నా పక్కన నిలబడి, కాలితో సిమెంటు తడుతూ అడిగాడు.

"ఈడ తోట ఉండేదంట కదా?"

"ఉండేదట."

"ఆ తోటలో నిలబెట్టినా ఏదో ఒకటి నేర్చుకునేటోళ్లం."

చలికాలం వెళ్లేసరికి పెద్దావిడకి గుండుసూది తలంత మొగ్గ వచ్చింది. ఏడాది పూర్తి కావస్తోంది. ఇంకొక నెల గడిస్తే పిల్ల మొక్కని ఇచ్చి మార్చుకోవచ్చని నేను లెక్కేసుకుంటున్నాను. అప్పుడు కలప తనిఖీ వచ్చింది.

రాష్ట్రంలో ఎక్కడ ప్రభుత్వ కలప ఉందో అక్కడికి ఏటా ఒకసారి ఒక అధికారి వస్తారు. ఈసారి వచ్చినాయన భైరవమూర్తిగారు. కారిడారులో చెక్కలన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ నడిచి, చివరికొచ్చి ఆగి, జేబురుమాలుతో చేతులు తుడుచుకున్నారు.

"కలపకి చర్మవ్యాధి సోకింది" అన్నారు. "సమస్త ఉపరితల అవాంఛిత వృద్ధిని గీకి తొలగించి, రెండు పూతల వార్నిషు వేయవలెను. సోమవారం లోపల."

కామేశంగారు నాకు ఫోన్ చేశారు. అది శుక్రవారం. ఉన్నపాటున బస్సెక్కాను. దిగి పరిమళరావుగారి కాళ్లకి అడ్డం పడ్డంత పని చేశాను.

"సార్, అవి మొక్కలు సార్. మీరే కొన్నారు. భూరహిత హరితం. ఒక్క ముక్క రాసి ఇవ్వండి, ఇవి మొక్కలని."

"ఆవేశపడకండి వీర్రాజుగారూ. వార్షిక నివేదిక వెళ్లిపోయింది." ఆయన కాగితం నా వైపు తిప్పారు. "మా మొక్కల పద్దు శూన్యం. శూన్యంలోంచి మరణించిన మొక్కలు శూన్యం. రాష్ట్రంలో మరణాల శాతం లేని ఏకైక సంస్థ మాది. ఇప్పుడు ఇవి మొక్కలని రాస్తే, రేపు ఒకటి ఎండినా ఆ రికార్డు భగ్నమవుతుంది. మీరు దేశభక్తి కలిగిన వ్యక్తి, ఆలోచించండి."

"మరి పచ్చదనం తగ్గకూడదన్నారు కదండి?"

"తగ్గలేదు. నిరుడు శూన్యం, ఈ ఏడు శూన్యం. స్థిరంగా ఉంది."

నేను బయటికొచ్చి కారిడారులో పెద్దావిడ ముందు నిలబడ్డాను. మొగ్గ ఆ పొద్దున విచ్చుకోవడం మొదలుపెట్టింది. సోమవారం దాన్ని గరుకు కాగితంతో రుద్దుతారు. అలా తీసుకుని సంచీలో వేసుకుపోదామా అనిపించింది. ప్రభుత్వ కలప దొంగతనం కేసు మొక్క దొంగతనం కంటే పెద్దది.

"కామేశంగారూ, ప్రభుత్వ కలపని బయటివాడికి ఎప్పుడు అమ్ముతారండి?"

"పూర్తిగా చెడిపోయిందని భైరవమూర్తిగారు రాస్తే, వంటచెరకు కింద వేలం వేస్తాం. ఇప్పుడు పాక్షికంగా చెడిందని రాశారు. పాక్షికమైతే గీకాలి. సంపూర్ణమైతే అమ్మాలి."

భైరవమూర్తిగారు ఇంకా గెస్టుహౌసులోనే ఉన్నారు. చేతులు కట్టుకుని వెళ్లాను.

"సార్, ఈ కలప సరఫరా చేసింది నేనేనండి. నా తప్పే. గీకితే పోదండి ఈ రోగం. మళ్లీ వస్తాది. వేరు చెక్కని పట్టేసిందంటే ఊడదండి."

"మీకెలా తెలుసు?"

"మా ఇంట్లో దండెం నిండా ఉండేదండి ఒకప్పుడు."

ఆయన మళ్లీ కారిడారుకి వచ్చారు. వేరుని గోటితో గీకి చూశారు. ఊడలేదు. జేబులోంచి భూతద్దం తీసి పెద్దావిడ దగ్గరికి వంగారు. అప్పటికి పువ్వు విచ్చుకుంది. ఆయన వంగినవారు వంగినట్టే ఉండిపోయారు. నేను గొంతు సవరించుకునేదాకా ఆయన లేవలేదు. లేచాక భూతద్దాన్ని తుడిచి, మళ్లీ ఒకసారి వంగి చూశారు.

"చాలా ముదిరింది" అన్నారు, గొంతు తగ్గించి.

ఒక్కొక్క చెక్కా చూసి గ్రేడులు రాశారు. ఎక్కడ మొక్క బాగా ఎదిగిందో అక్కడ కలప ఎక్కువ చెడింది. ఎక్కడ మొగ్గలున్నాయో అక్కడ సంపూర్ణంగా చెడింది. పెద్దావిడ చెక్క దగ్గర రాసిన మాట నేను పక్కనుంచి చదివాను: ఆశలు వదులుకొనదగినది. మొత్తం లాటు సోమవారం వంటచెరకు కింద వేలం.

ఇక కష్టం తీరిందనుకుని వేలానికి వెళ్తే, నా ముందే ఒకాయన చెక్కలు తట్టి చూస్తున్నాడు. సంస్థ గేటు పక్కన టిఫిన్ హోటలు నడిపే బుచ్చిబాబు.

"పనస చెక్క. కణకణా మండుద్ది" అన్నాడు పళ్లికిలిస్తూ. "మీరు కూడా హోటలు పెడతన్నారేంటి?"

"లేదండి. ఇంట్లోకి."

"కడియం నుంచి పొయ్యికట్టెల కోసం వొచ్చారా? అక్కడ పుల్లలు లేవా?"

కట్టెల కోసం అంత దూరం వచ్చినవాణ్ని చూస్తే ఎవడికైనా అనుమానం వస్తుంది. కామేశంగారు వేలం ఎక్కడ వేద్దామని అడిగితే, బయట ఎండ కదా, కారిడారులోనే వేయమన్నాను. పది గంటలకన్నాను. ఆయన ఒక క్షణం నా మొహం చూశారు. ఏడాదిలో మొదటిసారి ఆ మనిషి కళ్లలో ఏదో కదిలింది.

"సమయపాలన మన సంస్థకి ప్రాణమండీ" అన్నారు.

వేలం మొదలైంది. నేను ఒకమాటు పాడితే బుచ్చిబాబు రెండుమాట్లు పాడాడు. కట్టెల ధర దాటింది, కలప ధర దాటబోతోంది. మనిషి పంతానికొచ్చాడు. నేను ఎందుకు పాడుతున్నానో తెలియక, అందుకే ఇంకా గట్టిగా పాడుతున్నాడు. నా జేబులో ఉన్నదాని చివరికొచ్చాను. అప్పుడు సైరన్ మోగింది.

ఫ్యాన్లు తిరిగాయి. కుర్రాడు చొక్కా తొడుక్కుని వచ్చి, వేలం పాటని గానీ పాడేవాళ్లని గానీ చూడకుండా, ఉత్తర్వు ప్రకారం ఈ చివర నుంచి ఆ చివరికి నీళ్లు కొట్టేశాడు. వేర్లన్నీ పచ్చబడ్డాయి. బుచ్చిబాబు చెక్క ఒకటి పట్టుకుని పిండినట్టు చూశాడు.

"తడికట్టెలు నాకెందుకయ్యా. ఇడ్లీలు పొగ వాసనొత్తాయి."

"మూడోసారి" అన్నారు కామేశంగారు, మిగతా రెండుసార్లూ అనకుండానే.

అయిపోలేదు. వంటచెరకు కింద కొన్నది వంటచెరకుగానే వాడాలని, వాడినట్టు రుజువు నెలలోపల దాఖలు చేయాలని రసీదు వెనక ఉంది. రుజువు అంటే బూడిద. బస్సులో పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నెల తిరక్కుండా మా పొయ్యిలోంచి ఒక డబ్బాడు బూడిద తీసి, మూత మీద పేరు రాసి పంపాను. నాణ్యమైన బూడిద అని జవాబు వచ్చింది.

వేలం నాటి సాయంత్రం ఇంటికొచ్చి పెట్టె విప్పితే మంగతాయారు పెద్దావిడని రెండు చేతులతో అందుకుంది. పువ్వు ఇంకా ఉంది. దీపం దగ్గరికి తీసుకెళ్లి చూసింది. తర్వాత మిగతావాటిని ఒక్కొక్కటే దండేనికి తగిలించింది. నేను పెరట్లో గన్నేరు పక్కన నిలబడ్డాను, కబురు ఎటునుంచి వస్తుందో అని. ఆవిడ తిన్నగా నా దగ్గరికే వచ్చింది.

"ఒకటి తగ్గిందండి" అంది.

ఏడాదికి నాతో అన్న మొదటి మాట. నేను లెక్కపెట్టాను. ఒక చెక్క ఉత్తిదే ఉంది. దాని మీది పిల్ల మొక్క ఎక్కడో ఊడిపోయింది. టెండరు నాడు ఒకటి తక్కువ, ఈనాడు ఒకటి తక్కువ. పోనీలే మంగా అన్నాను. పోనివ్వడానికి మీకు బాగా అలవాటే అంది. అన్నం మాత్రం వేడిగా పెట్టింది.

పరిమళరావుగారు భూరహిత హరితం మీద పుస్తకం వేసి, పై మెట్టుకి వెళ్లారు. ఆయన స్థానంలో వచ్చినాయన నాకు కొత్త టెండరు నోటీసు పంపారు, నేల వాడని మొక్కలు కావాలని. మంగతాయారు దాన్ని మడత పెట్టి, దండెం గుంజ కదలకుండా కింద ఎత్తు పెట్టింది.

మొన్న కామేశంగారు ఫోన్ చేశారు. గొంతు బాగా తగ్గించి మాట్లాడారు. కలప వెళ్లిపోయినా ఆర్ద్రీకరణ ఉత్తర్వు వెళ్లలేదు. రోజూ పదింటికి సైరన్ మోగుతోంది, అందరూ కార్ల మధ్య నిలబడుతున్నారు, కుర్రాడు ఉత్త గోడకి నీళ్లు కొడుతున్నాడు. గోడకి పాకుడు పట్టింది. ఆ పాకుడులో, మేకు పక్కన, నాలుగు ఆకులు.

"గోరంత ఉందండీ. వేరు గోడని పట్టేసింది. ఏ పద్దులో రాయమంటారు? కలప కాదు కదా ఇప్పుడు. గోడ కింద రాసేదా?"

"గోడ కింద రాస్తే ఏం చేస్తారండి?"

"ఏటా సున్నం వేయించాలండీ."

"మొక్క కింద రాస్తే?"

"కవరడుగుతారు."

"అయితే ఏమీ రాయకండి కామేశంగారూ."

ఆయన సర్వీసులో ఎప్పుడూ రాయకుండా ఏదీ వదలని మనిషి.

"పొద్దున్నే మీలాగే వేరు చూస్తున్నానండీ, పచ్చబడిందా లేదా అని" అన్నారు. "సరే. రాయను."

ఇక లెక్క. కౌలు నర్సరీ అలాగే ఉంది. నెట్టుకి చిరుగులు పెరిగాయి. తడికట్టె తూచి అమ్మి, గుత్తకి తిరిగి కొన్నాను. ఆ రెండూ ఒకదానికొకటి చెల్లు, బస్సు ఛార్జీలు నా ఖర్చు. దండెం మీద పెద్దావిడ ఉంది, పిల్లలున్నాయి, ఒకటి తక్కువ. భార్య నన్ను నేరుగానే తిడుతోంది. గన్నేరుకి విశ్రాంతి దొరికింది. అవతలివాళ్లకి ఒక ప్రశంసాపత్రం, ఒక పుస్తకం, ఒక డబ్బా బూడిద. ఇవి కాక ఒక మొక్క. ఆ ఆవరణ మొత్తంలో బతికి ఉన్నది అదొక్కటే, ఎక్కడా రాసి లేనిదీ అదొక్కటే.